కంట్రోలర్ అత్తమ్మ

పోయిన నెల మా అత్తమ్మ చనిపోయింది. దవాఖాన నుంచి మా ఆయన ఫోన్ చేసినప్పుడు నేను మేడ మీది గదిలో నేల మీద కూర్చుని ఉన్నాను. ఒక చేతిలో జిగురు సీసా, ఇంకో చేతిలో అగ్గిపుల్లకన్నా కాస్త పొడుగున్న సిగ్నల్ స్తంభం. "సాయంత్రం నన్ను ఇంటికి పంపిస్తరట. నేనొచ్చేసరికి అది నిలబడాలె" అని ఆమె దవాఖాన మంచం మీది నుంచే ఆర్డర్ వేసింది మరి. ఫోన్‌లో మా ఆయన "అమ్మ పోయింది" అన్నాడు. నేను "సరే" అన్నాను. అలాంటి మాటకు సరే అని ఎందుకన్నానో నాకిప్పటికీ తెలియదు. స్తంభం వంకరగా అతుక్కుంది. దాన్ని సరిచేయాలనిపించలేదు.

అత్తగారి గురించి కోడలు రాస్తోందంటే చదివేవాళ్లకు ఒక అనుమానం ఉంటుంది. అందుకే ముందే చెప్తున్నాను, మా మధ్య గొడవలు బాగానే జరిగాయి. ఎక్కువ భాగం చెట్ల గురించి. నేను జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తాను. ఆ ఒక్క కారణంతో ఆమె తన రైలు మార్గం పక్కన చెట్లన్నీ నాకు అప్పజెప్పింది. తీగ, స్పాంజి ముక్కలు, రంగుతో నేను చెట్లు చేసేదాన్ని. మోదుగ చెట్టుకు ఆకులు లేకుండా ఒట్టి ఎర్రటి పూలు పెడితే "గిదేంది, చెట్టు కాలిపోయినట్టున్నది, జర ఆకులు పెట్టు" అనేది. "ఎండాకాలంలో మోదుగ ఇట్లనే ఉంటది అత్తమ్మా" అంటే, "మన బండి వానకాలం గూడ నడుస్తది కద" అనేది. ఈ వాదానికి వృక్షశాస్త్రంలో జవాబు లేదు.

మా ఇల్లు కాజీపేటలో. మామయ్య గూడ్సు బండ్ల మీద గార్డుగా పనిచేసి రిటైరయ్యాడు. అత్తమ్మ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో పుట్టింది. పెండ్లయ్యేదాకా మగ్గం చప్పుడు, పెండ్లయినంక రైలు చప్పుడు, నా చెవులకు నిమ్మలం ఎప్పుడున్నదని అనేది. గూడ్సు గార్డు భార్య బతుకు ఎట్లా ఉంటుందో నేను ఆ ఇంటికి వచ్చాకే తెలుసుకున్నాను. మనిషి ఎప్పుడు పోతాడో ముందు తెలియదు, పోయిన మనిషి ఎప్పుడు వస్తాడో అసలే తెలియదు. ప్యాసింజర్ బండికి ఒక టైమంటూ ఉంటుంది. గూడ్సు బండిని ఏ చిన్న స్టేషన్ పక్కనో నిలబెడితే, దాటిపోవాల్సిన బండ్లన్నీ దాటిపోయేదాకా అది అక్కడే. చివరి డబ్బాలో మామయ్య. ఇంట్లో పొయ్యి ముందర అత్తమ్మ.

ఆ ఇంట్లోకి బొమ్మ రైలు వచ్చింది మా పాప పుట్టినరోజున. మా ఆయన హైదరాబాద్ నుంచి తెచ్చాడు. గుండ్రటి పట్టాలు, ఒక ఇంజన్, కొన్ని డబ్బాలు, గుండీ తిప్పితే వేగం పెరిగే ఒక పెట్టె. పాప ఆ సాయంత్రమంతా అట్టపెట్టెతో ఆడుకుంది. రైలుతో అత్తమ్మ ఆడుకుంది. గుండీని కొంచెం తిప్పి, వెనక్కి తిప్పి, మళ్లీ తిప్పి, నన్ను పిలిచింది.

"చూడు బిడ్డా, ఆగుమంటే ఆగుతాంది!"

ఆ గొంతులో అంత ఆశ్చర్యం ఎందుకుందో అప్పుడు నాకు అర్థం కాలేదు. బొమ్మ రైలు కదా, ఆగక ఏం చేస్తుంది అనుకున్నాను.

తర్వాత మేడ మీద మిరపకాయలు ఆరబోసుకునే గది రైలు గది అయింది. పాత తలుపులు నాలుగు గోడల వెంబడి బల్లలుగా మారాయి. బల్లల మీద పట్టాలు, పట్టాల మీద మెల్లమెల్లగా ఇంకో ఇంజన్, ఇంకో ఇంజన్. ఒక మూల నర్సంపేట దిక్కు పత్తి చేను వేశాం, దవాఖాన దూదితో. ఇంకో మూల కేసముద్రం మార్కెట్ యార్డు. అక్కడికి పోయే వ్యాగన్లలో అత్తమ్మ నిజం వడ్లు పోసింది. తెల్లారి చూస్తే వ్యాగన్లన్నీ ఖాళీ, గోడ వెంబడి చీమల బారు. మామయ్య వంగి ఆ బారును చివరిదాకా పరిశీలించి, "రవాణాల సరుకు పోయింది. రిపోర్ట్ రాయాలె" అన్నాడు. ఆయన నవ్వలేదు. రైలు విషయాల్లో మామయ్య ఎన్నడూ నవ్వడు.

ఇంతలో అత్తమ్మ చేతులు మొరాయించాయి. కీళ్ల వాతం. వేళ్లు పక్కకు వంగిపోయాయి, కణుపులు వాచాయి. ఆ పెట్టె మీది చిన్న గుండీని పట్టుకుని తిప్పడం ఆమెకు చేత కాలేదు. రెండు చేతులతో పట్టుకుని తిప్పేది, బండి ఒక్కసారిగా దూకేది, మలుపులో పడేది. కొన్నాళ్లకు గదికి పోవడం మానేసింది. "ఆటలు సాలు, వయసయింది" అన్నది. ఆ రోజుల్లో ఆమె వంటింట్లో కూర్చుని కిటికీలోంచి చూసేది. అంతకుముందు ఖాళీగా కూర్చోవడం ఆమెకు తెలియదు. నాకు భయమేసింది.

రైలు అమ్మిన కంపెనీకి సొంత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. కానీ దాని అక్షరాలు నాకే కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా, ఏదో చలి దేశంలో ఉండే ఒకాయన తన ఇష్టం కొద్దీ రాసిన సాఫ్ట్‌వేర్ దొరికింది. పట్టాలకు కరెంటు పంపే పెట్టెకు వైఫై తగిలిస్తే చాలు, ట్యాబ్లెట్ మీద వేలు పెట్టి అన్ని బండ్లనూ నడపవచ్చు. నేను కరోనా రోజుల్లో ఆన్‌లైన్ పాఠాలు చెప్పిన పాత ట్యాబ్లెట్ ఉండనే ఉంది. అయినా ఏమన్నా పాడవుతుందేమోనని కంపెనీ నంబర్‌కు ఫోన్ చేశాను. అవతల మాట్లాడిన అబ్బాయి మర్యాదస్తుడే.

"థర్డ్ పార్టీ సాఫ్ట్‌వేర్ వాడితే మాది బాధ్యత కాదు మేడం" అన్నాడు.

అత్తమ్మ పక్కనే ఉండి వింటోంది. "థర్డ్ పార్టీ అంటే ఎవరు బిడ్డా?" అని ఫోన్‌లోకి వంగి అడిగింది.

"అంటే, మీరు కాదు, మేము కాదు. మూడో మనిషి, అమ్మా."

"ఆయనకు పెండ్లయిందా?"

అబ్బాయి ఫోన్ పెట్టేశాడు.

మామయ్య కూడా అదే పట్టు పట్టాడు. "బండి చేసినోడు ఒకడు, దాన్ని నడిపేది ఇంకోడు రాసింది. ఎవడో మూడోవాన్ని నమ్మి బండి తీస్తవా? రేపు ఏమన్నయితే ఎవర్ని అడుగుతవ్?"

అత్తమ్మ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే జవాబిచ్చింది. "మనిద్దరి పెండ్లి కుదిర్చింది గూడ మూడో మనిషే కద. ఇన్నేండ్లాయె, నేనెవర్నన్న అడిగిన్నా?"

ట్యాబ్లెట్ చేతికి వచ్చిన మొదటి రోజు ఒక ప్రమాదం జరిగింది. అద్దం మీద దుమ్ము ఉందని ఆమె కొంగుతో గట్టిగా తుడిచింది. తుడిచినప్పుడు ఏమవుతుందో నేనూ ఆలోచించలేదు. తెర మీద వేగం పెంచే గీత కింది నుంచి పైకి పోయింది. ఎర్ర ఇంజన్ బల్ల చివర దాకా పరిగెత్తి, మలుపు వదిలేసి, నా మోదుగ చెట్లను పడగొట్టుకుంటూ పత్తి చేనులోకి పోయింది. అత్తమ్మ ట్యాబ్లెట్ వైపు, చేను వైపు చూసి, "అబ్బ! జర తుడిస్తెనే గింత స్పీడా" అన్నది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖం వెలిగింది. గుండీ తిప్పాల్సిన పని లేదు, పట్టుకోవాల్సిన పని లేదు. వంగిన వేలు కొస ఆనిస్తే చాలు. మర్నాడు పొద్దున నేను కాలేజీకి తయారయ్యేసరికే ఆమె మేడ మీద ఉంది.

ఆ సాఫ్ట్‌వేర్ ప్రతి ఇంజన్‌కూ ఒక పేరు అడిగేది. నంబర్ వేద్దామంటే అత్తమ్మ ఒప్పుకోలేదు. "నంబర్ పెడితె యాదికుండదు. మనుషుల పేర్లు పెట్టు" అన్నది. ఎవరికి ఏ పేరో ఆమెకు ముందే తెలుసు. ఆగి ఆగి కదిలేదానికి మా ఆయన పేరు పెట్టింది. చప్పుడు చేయకుండా తన పని తాను చేసుకుపోయేదానికి నా పేరు పెట్టింది. అది వారానికోసారి కారణం లేకుండా మొండికేస్తుందని తర్వాత తెలిసింది, నేను దాన్ని పట్టించుకోలేదు. ఎర్రది అన్నిటికన్నా పెద్దది, హారన్ కొడితే వీధి చివరికి వినబడుతుంది. దానికి "తొర్రూరు వదినె" అని పెట్టించింది. వదినె అంటే మామయ్య వాళ్ల అక్క, తొర్రూరులో ఉంటుంది. ఇంటికి వస్తే ఆమె గొంతు ఆమెకన్నా ముందు గేటు దాటుతుంది.

మామయ్య పేరు ఏ ఇంజన్‌కూ పెట్టలేదు. ఎందుకంటే "ఆయన గార్డు. ఎనకనే ఉండాలె" అన్నది.

ఆయన నిజంగానే వెనకనే ఉన్నాడు. రోజూ గదిలోకి వచ్చి కుర్చీ వేసుకుని తప్పులు పట్టేవాడు. వ్యాగన్ల మధ్య కొక్కెం సరిగ్గా పడలేదు. లైన్ ఖాళీ కాకముందే ఇంకో బండి తీశావు. ఇట్లా. ట్యాబ్లెట్ మాత్రం ముట్టేవాడు కాదు. "ఇంజన్ల నాకేం పని" అనేవాడు. అత్తమ్మ వినేది, తలూపేది, తన ఇష్టం వచ్చినట్టు నడిపేది. ఆమెకు దొరికిన గొప్ప సుఖం ఏమిటంటే, ఆ ట్యాబ్లెట్‌తో వంటింట్లో ఉండి కూడా మేడ మీది బండ్లు నడపొచ్చు. ఒకనాడు అట్లా నడుపుతుంటేనే రెండు బండ్లు ఎదురెదురుగా గుద్దుకున్నాయి.

ఆ సాయంత్రం మామయ్య ఎంక్వైరీ పెట్టాడు. ఊరికే అనడం లేదు. ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. అత్తమ్మను ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టాడు. నన్ను సాక్షిగా పిలిచాడు.

"ప్రమాదం జరిగినప్పుడు నువ్వు ఎక్కడున్నవ్?"

"వంటింట్ల."

"చేతిల ఏమున్నది?"

"ఒక చేతిల ట్యాబ్లెట్. ఇంకో చేతిల పచ్చిపులుసు కలిపే గంటె."

"డ్యూటీల ఉండి పచ్చిపులుసు కలుపుడు రూల్ల ఉన్నదా?"

"నువ్వు తినుడు రూల్ల ఉన్నదా?"

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మామయ్య నా వైపు ఒకసారి చూసి, తీర్పు చెప్పాడు. ఒక రోజు సస్పెన్షన్.

"మంచిది" అన్నది అత్తమ్మ. "వంట గూడ గీ చేతులతోనే చేస్తాన. అవి గూడ సస్పెండే."

అంతటితో నవ్వుకుని లేచేవాళ్లమే. కానీ మామయ్య తన పదవిలోంచి ఇంకా దిగలేదు. "నీకు నవ్వులాటగున్నది. బండి అంటే ఆట కాదు. బండికోసం ఎదురు చూసేటోళ్లు ఉంటరు" అన్నాడు.

అత్తమ్మ స్టూలు మీది నుంచి లేచింది.

"ఎదురు చూసుడు గురించి నువ్వు నాకు చెప్తానవా? పెండ్లయిన కాన్నుంచి నేను చేసింది గదే కద. అన్నం వండి పెడితె సల్లారేది. వండకుంటె అప్పుడే తలుపు కొట్టేటోనివి. పిల్లగానికి జరమొస్తె నువ్వెక్కడున్నవో తెల్వది. స్టేషన్ల అడిగితె, గూడ్సు గద, ఏడనో నిలబడ్డదమ్మా అనేటోళ్లు. ఏడ నిలబడ్డదో, ఎందుకు నిలబడ్డదో, ఎప్పుడు కదులుతదో ఎవ్వరికి తెల్వది. ఇప్పుడు నేను ఆగుమంటె ఆగుతాంది, రమ్మంటె వస్తాంది. గంతే. గది నాకు సాలు."

గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది. మామయ్య చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు. ఆమె కిందికి పోయి పొయ్యి వెలిగించిన చప్పుడు వినబడింది. సస్పెన్షన్ గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున మామయ్య గది గడప అవతల నిలబడ్డాడు. ఎన్నడూ లేనిది తలుపు మీద వేలితో తట్టాడు.

"మేడం, లోపటికి రావొచ్చునా?"

అత్తమ్మ ట్యాబ్లెట్ మీంచి తల ఎత్తలేదు. "గార్డ్‌సాబ్ టైముకొచ్చిండు ఇయ్యాల. రా."

అప్పటి నుంచి చివరిదాకా ఆయన ఆమెను, బండ్లను ఆపి వదిలే కంట్రోలర్‌ను గార్డు పిలిచినట్టు, మేడం అనే పిలిచాడు. మొదట వెక్కిరింపేమో అనుకున్నాను. కాదు.

కోతి సంగతి చెప్పకపోతే వీధిలో వాళ్లు నన్ను క్షమించరు. మా దిక్కు కోతుల బాధ మీకు తెలిసే ఉంటుంది. ఒక మధ్యాహ్నం మామయ్య రైలు గదిలో ఫ్యాను కింద కునుకు తీస్తుంటే తెరిచిన తలుపులోంచి ఒక పెద్ద మగకోతి లోపలికి వచ్చింది. వచ్చి కేసముద్రం యార్డు మీద కూర్చుంది. మామయ్య కళ్లు తెరిచేసరికి తలుపుకూ ఆయనకూ మధ్య అది ఉంది. పళ్లు చూపించింది.

"మేడం! కోతి!" అని ఆయన అరిచిన అరుపు నాకు కింద వినబడింది. అత్తమ్మకు మోకాళ్లు సహకరించవు, మెట్లు ఎక్కేసరికి ఆలస్యమవుతుంది. నేను కర్ర వెతుకుతున్నాను. అత్తమ్మ పప్పు గిన్నె పక్కకు పెట్టి ట్యాబ్లెట్ తీసింది.

"ఫికర్ చెయ్యకు! తొర్రూరు వదినెను పంపిస్తాన!" అని పైకి కేకేసింది.

తర్వాత జరిగింది మామయ్య చెప్పగా విన్నదే. ఎక్కడో మూలన నిలబడి ఉన్న ఎర్ర ఇంజన్ దానంతటదే లైట్లు వేసుకుని, హారన్ కొట్టుకుంటూ కోతి మీదికి బయలుదేరింది. దాని వెనక మిగిలిన ఇంజన్లన్నీ తలా ఒక దిక్కు నుంచి. కోతి మొదటి హారన్‌కు బెదరలేదు. ఇంజన్ దాని తోక దగ్గరకు వచ్చి, వెనక్కి తగ్గి, మళ్లీ కొడితే అప్పుడు లేచింది. చేతికి అందిన వ్యాగన్ ఒకటి పట్టుకుని తలుపులోంచి దూకి పోయింది. ఆ వ్యాగన్ మళ్లీ దొరకలేదు. మామయ్య దాన్ని లెక్కలోంచి తీసేయడానికి ఇప్పటికీ ఒప్పుకోడు. "పోలేదు. ఇంక చేరలేదు" అంటాడు.

ఆ నెలలోనే తొర్రూరు వదినె రానే వచ్చింది. నేనూ అత్తమ్మా ట్యాబ్లెట్ దాచాలని అనుకున్నాం, మరిచిపోయాం. ఆమె సోఫాలో కూర్చుని దాన్ని ఒళ్లోకి తీసుకుని కళ్లద్దాలు పెట్టుకుని చదివింది.

"తొర్రూరు వదినె. ఆపు. వెనక్కి. హారన్." ఒక్కొక్కటీ గట్టిగా చదివింది. "ఏందే ఇది? నన్ను ఆపేటందుకు బటన్ పెట్టుకున్నవా?"

మామయ్యే ముందు నోరు తెరిచాడు. "అక్కా, కోతి నుంచి నన్ను బతికిచ్చింది నువ్వే" అని జరిగిందంతా చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది. విని ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"నాది గూడ్సా, ఎక్స్‌ప్రెస్సా?"

"గూడ్సే వదినె" అన్నది అత్తమ్మ, అబద్ధం ఆడలేక.

"నన్ను గూడ్సు చేస్తివా!" అని ఆమె అలిగింది. అప్పటికప్పుడు వ్యాగన్లు విప్పి ప్యాసింజర్ డబ్బాలు తగిలించేదాకా టీ ముట్టలేదు. ఆ తర్వాత సాయంత్రం వరకూ గదిలోంచి కదల్లేదు. తన బండిని తనే నడుపుకుంది. హారన్ మీద నుంచి వేలు తీయలేదు. తొర్రూరు బస్సు తప్పిపోతే మర్నాడు పోయింది.

ట్యాబ్లెట్ అనే మాటతో దవాఖానలో పడ్డ తిప్పలు కూడా ఉన్నాయి. ఆయాసం వస్తోందని మొదటిసారి తీసుకుపోయినప్పుడు నర్సమ్మ అడిగింది, "ట్యాబ్లెట్ రోజు వాడుతున్నరా?"

"రోజు వాడుత."

"ఎప్పుడెప్పుడు?"

"పొద్దుగాల లేవంగనే. మల్ల అన్నం తిన్నంక. ఛార్జింగ్ ఉన్నంతసేపు."

నర్సమ్మ కలం ఆపి నా వైపు చూసింది. నేను వివరించే లోపల అత్తమ్మ, "ఎక్కువ వాడుతాన్నవని మా ఆయన కొట్లాడుతడు, కని అది లేకుంటె నాకు పానం నిమ్మలంగుండది" అని ఇంకా చెప్పింది. డాక్టర్‌ను పిలవబోయారు.

ఇదంతా నవ్వులాటగా రాస్తున్నాను కానీ ఆ వేళ్లు రోజురోజుకూ పాడవుతూనే ఉన్నాయి. తెర మీద అన్ని బండ్లనూ ఒక్కసారి ఆపే బటన్ ఒకటుంటుంది. అది కందిగింజంత. ఆమె వేలు దాని మీద పడేది కాదు, పక్కన హారన్ మీద పడేది. బండ్లు ఆగకుండా అరుచుకుంటూ పోయి పడేవి. ఒకరోజు మూడుసార్లు పడ్డాక ఆమె ట్యాబ్లెట్ నా చేతికిచ్చి, "ఇది రాసినాయనకు నేను చెప్పినట్టు రాయి" అన్నది. ఆమె చెప్పింది, నేను ఇంగ్లీషులో రాశాను. ఆమె మాటలు ఇవి.

"బిడ్డా, మాది వరంగల్. నీ సాఫ్ట్‌వేరు మంచిగున్నది. నువ్వు సల్లగుండాలె. కని ఆపే బటన్ శాన చిన్నగ పెట్టినవ్. బండి తీసుడు పెద్ద పని కాదు బిడ్డా, ఆపుడే పెద్ద పని. నా యేళ్లు వంకర పోయినయ్. జర పెద్దగ చెయ్యి."

జవాబు వస్తుందని నేననుకోలేదు. మరుసటి రోజే వచ్చింది. ఎంత పెద్దగా ఉండాలి, ఆమె వేళ్ల కొలత పంపగలరా అని అడిగాడు. అత్తమ్మ తెల్ల కాగితం మీద చేయి పెట్టింది, నేను చుట్టూ గీత గీశాను. చేతికి పసుపు ఉండడంతో అచ్చు కూడా పడింది. ఆ ఫోటో పంపించాం. కొన్ని వారాలకు సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చింది. తెర అడుగున ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎర్రటి బటన్. వేలు అక్కర్లేదు, అరచేయి వేసినా ఆగుతుంది. అత్తమ్మ దాన్ని చెంపదెబ్బ కొట్టినట్టు కొట్టింది. గదిలో బండ్లన్నీ ఎక్కడివక్కడ నిలబడిపోయాయి. ఆమె తల తిప్పి ఒక్కొక్క బండినీ చూసుకుంది. తర్వాత అన్నిటినీ కదిలించి, ఇంకోసారి కొట్టింది.

ఆ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మాట్లాడుకునే చోట ఎవరో అడిగారు, ఇంత పెద్ద బటన్ తెర సగం మింగేసింది, ఎందుకు పెట్టావని. ఆయన ఒక్క వాక్యం రాశాడు, ఆ సంగతి వరంగల్‌లో ఉన్న ఒక పెద్దావిడను అడగండి అని. అది చదివి వినిపిస్తే అత్తమ్మ సిగ్గుపడింది. మామయ్య మాత్రం వీధిలో ఇంటింటికీ తిరిగి చెప్పి వచ్చాడు.

చివరిసారి దవాఖానకు పోయేటప్పుడు ట్యాబ్లెట్ తీసుకుపోతానన్నది. అక్కడ వద్దంటారని ఇంట్లోనే ఉంచాం. మర్నాడు ఫోన్ చేసి నన్ను అడిగిన మొదటి మాట, "తిన్నవా?" రెండో మాట, "బండ్లు యాడున్నయ్?"

"అన్నీ స్టేషన్లోనే ఉన్నాయి అత్తమ్మా. మీరు మందులేసుకున్నరా?"

"ఏసుకున్న. నువ్వు చెట్లకు ఆకులు పెట్టినవా?"

పెట్టలేదని చెప్పాను. పెట్టను కూడా అని చెప్పాను. ఆమె నవ్వింది. నవ్వుతుంటే ఆయాసం వచ్చి ఫోన్ మామయ్యకిచ్చింది.

దినాలకు చుట్టాలంతా వచ్చారు. తొర్రూరు వదినె మెట్లెక్కి గదిలోకి పోయి ఎర్ర ఇంజన్‌ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. "నా బండి నాకియ్యుండ్రి, తీస్కపోత" అన్నది. సంచిలో పెట్టుకుంది కూడా. పోయే ముందు మళ్లీ తీసి పట్టాల మీద పెట్టింది. "అక్కడ నేనొక్కదాన్నే ఏం చేసుకుంట. ఈడ్నే తిరుగనియ్" అన్నది. గదిని చదువుకునే పిల్లలకు అద్దెకిస్తే మామయ్యకు కాలక్షేపం అవుతుందని ఒకరు సలహా చెప్పారు. మా ఆయన నా ముఖం చూశాడు, నేను మామయ్య ముఖం చూశాను. ఆయన సగం అన్నం వదిలేసి చేయి కడుక్కుని లేచిపోయాడు. వచ్చినవాళ్లు పోయాక కూడా ఆయన గది దిక్కు పోలేదు. పేపర్ చదివేవాడు, చదివిన పేజీనే మళ్లీ చదివేవాడు.

మొన్న ఆదివారం భోజనాలయ్యాక నన్ను పిలిచాడు. ట్యాబ్లెట్ చేతిలో ఉంది. దాన్ని ఆయన చేతిలో చూడడం అదే మొదటిసారి.

"బిడ్డా, ఇది ఎట్ల తెరుస్తరో జర చూపియ్యి."

ఇద్దరం పైకి పోయాం. కిటికీ తెరిచాను. ఏ బండి తీద్దామని అడిగితే ప్యాసింజర్ అన్నాడు. వేగం గీత మీద వేలు పెట్టి, అన్నిటికన్నా తక్కువ దగ్గరే ఆపేశాడు. బండి కదిలిందో లేదో తెలియనంత మెల్లగా కదిలింది. ఆయన ట్యాబ్లెట్ నా చేతికిచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, బండి పక్కన దానితో పాటే నడవడం మొదలుపెట్టాడు. పత్తి చేను దాటింది, మలుపు తిరిగింది, కిటికీలోంచి పడుతున్న ఎండలోకి వచ్చింది. అక్కడ ఆయన నడుం వంచాడు. మనిషిని ఇంటికి తీసుకుపోవడానికి స్టేషన్‌కు వచ్చినవాళ్లు, బండి ఇంకా ఆగకముందే డబ్బాల వెంట నడుస్తూ చూస్తారే, అట్లా గోరంత కిటికీల్లోకి ఒక్కొక్కదాంట్లోకీ తొంగి చూసుకుంటూ బండి వెంట పోయాడు.